గులాబీ తోటలో ఈల

పొద్దున్నే గులాబీ మొక్క మీదికి వంగిన తోటమాలికి వీపు వెనక ఈల వినిపించింది. ఊదింది సాక్షాత్తూ అక్క మొగుడు.

"కత్తెర దించరా బామ్మర్దీ!"

"వాడిపోయిన పువ్వు బావా ఇది. ముట్టుకుంటే రాలుతోంది."

"రాలితే నాకేం? కోస్తేనే నా పని."

కంటి ఆసుపత్రి గేటు దగ్గర బావ వాచ్‌మన్. రోగుల బంధువులు పూలు తెంపుతున్నారని కొత్త మేనేజరు, ఎవరు కోసినా ఈల వేయమని అతనికి హుకుం జారీ చేశాడు. తోటమాలికి వేరే హుకుం: కొత్త వార్డు తెరిచేనాటికి గులాబీలు విరగబూయాలి, లేదంటే ఉద్యోగం ఊడుతుంది. వాడిన పువ్వును తీసేయకపోతే మొక్క కాయ కట్టే పనిలో పడుతుంది, మళ్లీ మొగ్గ తొడగదు. ఆ మాట చెప్పబోతే మేనేజరు విసుక్కున్నాడు.

"వాడినా పువ్వు పువ్వేనయ్యా. కోయకుండా పూయించు!"

అక్కా, బావా, తోటమాలీ ఉండేది ఒకే ఇంట్లో. రాత్రి అన్నాల దగ్గర ఈ గోల భరించలేక అక్క మొగుడి మీద గయ్‌మంది. "ఈల వెయ్యాల్సింది నువ్వేగా? అయితే కత్తెర కూడా నువ్వే పట్టు. నిన్ను చూసి నువ్వే ఊదుకుంటావా? గేటు దగ్గర వీడు నిలబడతాడు."

మగాళ్లిద్దరికీ ఆ లెక్కలో తప్పేమీ కనబడలేదు.

మర్నాడు తోటమాలి ఈల నోట్లో పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. వాడిన పువ్వు కింద, అయిదాకులున్న రెమ్మకు కాస్త పైన కోయాలని బావకు ముందే నూరిపోశాడు. బావ ఆ పువ్వును వదిలేసి, పక్కనే మొగ్గలతో నిగనిగలాడే కొమ్మను మొదలంటా నరికాడు.

తోటమాలి ప్రాణం విలవిల్లాడింది. అరవబోయాడు. నోట్లో ఈల ఉంది. ఆసుపత్రంతా దద్దరిల్లింది. కళ్లకు కట్లున్నవాళ్లు కూడా ఏమైందో చూద్దామని బయటికొచ్చారు.

పరుగున వచ్చిన మేనేజరు తోటమాలి భుజం తట్టాడు. "సొంత బావనైనా వదల్లేదు. గేటుకు ఇలాంటివాడు కావాలి! ఏమయ్యా వాచ్‌మనూ, కత్తెర మీద అంత మోజుంటే నువ్వు తోటలోనే పడుండు."

"సార్, నా మొక్కలూ..."

"అవి పూయకపోతే ఊడేది అతని ఉద్యోగం. నీకెందుకు?"

ఆ పూటకే ఇద్దరికీ మారిన చోట్లు ఖాయమయ్యాయి. కత్తెర తప్పు కొమ్మ మీదికి పోతే తోటమాలి ఈల వేస్తాడు, వాడిన పువ్వు మీదికి పోతే ఆకాశం చూస్తాడు. మధ్యాహ్నం లోపల ఈల నలభైసార్లు మోగింది. ఆకాశం చూసింది రెండుసార్లు.