ఉల్లిని అడిగాం, రొయ్యని అడిగాం

నాగాయలంకలో మా మేనమామకు రెండు రొయ్యల చెరువులు ఉండేవి. తొంభైల్లో తెల్లమచ్చ రోగం దివిసీమను ఊడ్చేశాక, వారానికొక అమ్మకందారు కొత్త మందు డబ్బాతో చెరువు గట్టు మీదికి వచ్చేవాడు. మావయ్య ఏ మందూ నేరుగా చెరువులో పోసేవాడు కాదు. బక్కెట్టెడు చెరువు నీళ్లలో కాస్త మందు కలిపి, ఐదు రొయ్యల్ని వదిలి, తెల్లారి చూసేవాడు. దాన్ని 'రొయ్యని అడగటం' అనేవాడు.

నాకు ఆ బక్కెట్టంటే ఒళ్లుమంట. గుడివాడ హేతువాద సభల్లో జంతుబలుల మీద గొంతు చించుకుని వచ్చేవాణ్ణి. ఇదీ బలే కదా అనిపించేది. బందరులో జువాలజీ చెప్పే మిత్రుడొకడు ఉపాయం చెప్పాడు. మందు కలిపిన నీళ్ల మీద ఉల్లిపాయ నిలబెడితే, అది విషమైతే వేళ్లు సాగవట. ఏ ప్రాణీ చావక్కర్లేదు.

ఆసారి వచ్చిన డబ్బా మీద పేరు తప్ప ఇంకేమీ రాసిలేదు. చెరువులో రెండు నెలల రొయ్యలున్నాయి. మందు పొయ్యాలా వద్దా అన్నది మావయ్య తేల్చుకోవాలి. నేను ఆరు గ్లాసులు పెట్టాను, మూడింట్లో మందు, మూడింట్లో ఉత్త నీళ్లు. నాలుగో రోజు స్కేలుతో వేళ్లు కొలిచాను.

"తేడా లేదు మావయ్యా, పోసెయ్."

"ఎవరు కొలిచారు?"

"నేనే."

"ఎందులో మందుందో తెలిసే కొలిచావు. బాబా విభూదిని బాబా శిష్యుడే పరీక్ష చేస్తే ఒప్పుకుంటావా అల్లుడూ?"

అత్తయ్య నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. సభల్లో నేను ఎదుటివాళ్ల మీద విసిరే ప్రశ్నే అది.

మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి అత్తయ్య ఒక్కతే గ్లాసులు నింపి, అడుగున సుద్దతో గుర్తులు పెట్టింది. నాలుగో రోజు చేపలమ్మే ఆవిడ తట్ట దించగానే వేళ్లు కొలవమన్నాం. మందు సంగతి ఆవిడకు తెలియదు.

"ఉల్లిపాయలకి పెళ్లిచూపులా బాబూ?" అంటూ ఒక్కో వేరునీ చీపురుపుల్లతో సరిచూసింది. "అన్నీ ఒకటేనండీ. ఎక్కువ తక్కువల్లేవు."

నేను గర్వంగా మావయ్య వైపు చూశాను.

"సరే, రొయ్యనీ అడుగుదాం," అన్నాడాయన.

బక్కెట్టులో ఇరుకై చచ్చినా నింద మందు మీదే పడుతుంది కదా. అందుకని పక్కన మందు లేని బక్కెట్టు కూడా పెట్టమని పట్టుబట్టాను. తెల్లారేసరికి ఉత్త నీళ్లలో రొయ్యలు మీసాలు ఆడిస్తున్నాయి. మందు నీళ్లలో ఐదూ అడుగున ఒరిగిపోయి ఉన్నాయి. నా మాట విని ఉంటే చెరువంతా అలాగే ఉండేది. పరీక్ష నేను కోరినట్టే, పక్షపాతం లేకుండా జరిగింది.

బందరు మిత్రుడు విని నాలుక కరుచుకున్నాడు. "నరాల్ని పట్టే విషమై ఉంటుంది. ఉల్లికి నరాలెక్కడివి? ముందే చెప్పాల్సింది."

నేను ఉల్లి గ్లాసులు తీసెయ్యబోతుంటే మావయ్య ఆపాడు.

"ఉంచరా. ఉల్లి వేళ్లనే మాడ్చే మందుకి మళ్లీ రొయ్యని అడగటం దేనికి?"

ఆ తర్వాత ఏ డబ్బా వచ్చినా ముందు ఉల్లి దగ్గరికే వెళ్లేది. చాలా డబ్బాలు అక్కడినుంచే వెనక్కి పోయాయి. వేళ్లు బాగా సాగిన మందులకే బక్కెట్లు దిగేవి, ఒకటి మందుతో, ఒకటి ఉత్త నీళ్లతో. చేపలావిడ వచ్చే వేళకు గ్లాసులు అరుగు మీద సిద్ధంగా ఉండేవి. ఎందులో ఏముందో ఆవిడకు ఎవరమూ చెప్పేవాళ్లం కాదు.