రెండు బోల్టులు, ఒక చవక గోటీ

మొన్న ఆదివారం మా మనవరాలు తన ఫోను నా చేతిలో పెట్టి, వీటిలో చవకగా దొరికి ఎక్కువ కాలం మన్నేది ఏదో చెప్పమని అడిగింది. డిప్లొమా చదివి, ట్రాక్టర్లు బాగుచేసే చోట పనికి కుదిరి మూడు నెలలైంది. సొంత పనిముట్లు ఒక్కొక్కటే కొనుక్కుంటోంది. తెర మీద వేలితో తోసినకొద్దీ బొమ్మలు వస్తూనే ఉన్నాయి. అన్నీ మెడ దగ్గర కీలు ఉండి ఎటు కావాలంటే అటు వంగే సాకెట్లు. ఇప్పుడు స్వివెల్ సాకెట్లంటున్నారట గానీ, మా షెడ్డులో సాకెట్టును గోటీ అనేవాళ్లం కాబట్టి మాకవి మెడ తిరిగే గోటీలు. అన్నీ అద్దంలా మెరుస్తున్నాయి. ఆ మెరుపు చూసేసరికి, ఎనభై దాటిన ఈ వయసులో కూడా, నా బొటనవేలు కీలును ఊపినట్టు దానంతటదే కదిలింది. బొమ్మ చూసి కొనకు, దుకాణానికి పోయి చేత్తో పట్టి చూసి కొను, అని మాత్రం చెప్పి ఫోను ఇచ్చేశాను. ఎందుకని ఆ పిల్ల అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో ఇక్కడ రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఏడెనిమిదేళ్లయిన రోజులవి. నాకు పాతికేళ్లు నిండలేదు. నిజామాబాదులో బోధన్ రోడ్డు మీద ఒక లారీల షెడ్డులో మెకానిక్కుగా పనిచేసేవాణ్ణి. ఆ షెడ్డు యజమానీ, నాకు పని నేర్పిన గురువూ ఒకే మనిషి. ఊరంతా ఆయనను ఉస్తాద్ అనే పిలిచేది, నేనూ అలాగే పిలిచాను. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, గానుగ సీజను మొదలైతే ఆ రోడ్డు ఎలా ఉండేదో: ఎడ్లబండ్లు, లారీలు, రాలిపడిన చెరుకు ఆకు, గాలిలో బెల్లపు మడ్డి వాసన. ఆ నాలుగు నెలలూ మాకు తల ఎత్తే తీరిక ఉండేది కాదు. గతుకుల రోడ్డు మీద మోయలేనంత బరువు మోసి మోసి, బండ్ల బోల్టులన్నీ వదులైపోయి మా దగ్గరికి వచ్చేవి.

ఉస్తాద్ దగ్గర ఒక మెడ తిరిగే గోటీ ఉండేది. పటాలం వాళ్లు అమ్మేసిన పాత సామానులో ఎప్పుడో హైదరాబాదులో దొరికిందట. నల్లగా, మొద్దుగా, చూడటానికి ఏ అందమూ లేకుండా ఉండేది గానీ, ఇంజను వెనుక, బండి చట్రమైన చాసిస్ పక్కన, చెయ్యి దూరని సందుల్లో ఉన్న బోల్టులన్నిటికీ అదే దిక్కు. పదిహేనేళ్లు పనిచేసి ఆ సంవత్సరం సీజను మొదట్లో దాని కీలు అరిగిపోయింది. కొత్తది తెమ్మని ఉస్తాద్ నన్ను బజారుకు పంపారు. ఆయన కళ్లకు అప్పటికే పొర కమ్మింది, తానే వచ్చి చూసే పరిస్థితి లేదు. అందుకని ఎలా చూడాలో కూర్చోబెట్టి చెప్పారు. రెండు వేళ్లతో పట్టి కీలును ఊపి చూడాలి, లోపల టకటకమంటే వదిలేయాలి. మెడను పక్కకు వంచి వదిలితే వంచిన చోటే నిలవాలి, వాలిపోకూడదు. కీలులో పిన్ను ఊరికే దూర్చి ఉండకూడదు, రెండు కొసలూ కొట్టి అణిచి ఉండాలి. మెరుపు చూసి మోసపోవద్దు, పోతపోసిన ఇనుమును కూడా పాలిష్ పెడితే మెరుస్తుంది.

దుకాణంలో రెండు రకాలున్నాయి. ఒకటి సాగగొట్టిన ఉక్కుతో చేసిన నల్లది. రెండోది తళతళలాడే తెల్లది, నల్లదాని ధరలో మూడో వంతుకే వస్తోంది. ఉస్తాద్ కంటి ఆపరేషనుకు డబ్బు కూడబెట్టుకుంటున్నారని నాకు తెలుసు, ఆయన ఖర్చు తగ్గించానని మురిసిపోతూ తెల్లదే తెచ్చాను. ఇన్నేళ్లూ అందరికీ చెప్పుకున్న కారణం అదే. కానీ నిజం మొత్తం అది కాదు. కీలు కొద్దిగా టకటకమనడం దుకాణంలోనే నా వేళ్లకు తెలిసింది. అయినా, ఇనుమంతా ఇనుమే, ముసలాయనకు చాదస్తం, అనుకున్నాను.

ఉస్తాద్ దాన్ని చేతిలోకి తీసుకుని, ఎటో చూస్తూ, బొటనవేలితో కీలును రెండుసార్లు ఊపారు.

"బేటా, గిది ఎక్కువ దినాలు ఉండదు. చిన్న పనులకు వాడుకో. స్టీరింగు పనికి మాత్రం ముట్టకు" అన్నారు.

నాకు కోపం వచ్చింది. దాన్ని తీసుకెళ్లి పానాల పెట్టెలో పడేశాను.

పది రోజులు అది బాగానే పనిచేసింది, నా మాటే నెగ్గిందనుకున్నాను. పదకొండో రోజు పొద్దున మా బావ లారీ తీసుకుని వచ్చాడు. బావ అంటే మా అక్క భర్త; ఎడపల్లిలో వాళ్లకు కొద్దిగా చెరుకు తోట ఉండేది, మిగతా రోజులు ఒక సేటు లారీ నడిపేవాడు. స్టీరింగు పెట్టె చాసిస్ మీద కదులుతోంది, చక్రం తిప్పితే బండి ఆలస్యంగా తిరుగుతోంది అన్నాడు. ఆ రోజు మోయబోయేది వాళ్ల సొంత చెరుకు. కొట్టి అప్పటికే రెండు రోజులైంది, ఎండకు బరువు తగ్గిపోతోంది, సాయంత్రంలోగా బోధన్ ఫ్యాక్టరీ వరసలో నిలబడకపోతే వంతు పోతుంది.

"బామ్మర్దీ, జర జల్ది జేయి. మీ అక్క తోటల నా కోసమే సూస్తాంది" అన్నాడు.

ఉస్తాద్ తెల్లవారుజాము నమాజుకు వెళ్లి ఇంకా రాలేదు. పెట్టెకు నాలుగు బోల్టులు. ముందు రెండూ రింగు పానాతో బిగించాను. వెనుక రెండూ పొగగొట్టం చాటున, మెడ తిరిగే గోటీకి తప్ప అందవు. పొగగొట్టం విప్పి పక్కకు తీస్తే మామూలు పానా పడుతుంది గానీ, దానికి గంట పైన పడుతుంది. నేను తెల్లదాన్ని తీశాను. మొదటి బోల్టు బిగిసింది. రెండోదానికి చివరి పట్టు పట్టినప్పుడు లోపల ఎక్కడో టక్కుమని ఒక చిన్న చప్పుడైంది, ఆ తర్వాత చేతికి గట్టిగా తగిలింది. సరిగ్గా కూర్చుందనుకున్నాను. బావ నా వీపు తట్టి బండెక్కాడు.

మధ్యాహ్నం పానాలు కిరసనాయిలుతో తుడిచి పెడుతుండగా ఆ గోటీ చేతికొచ్చింది. పిన్ను సగం బయటికి జారి ఉంది. కీలులో పిన్నును పట్టే చెవి ఒకటి వెంట్రుకంత సందుతో పగిలి, పక్కకు పొడుచుకొచ్చి, కొస మీద చాసిస్ రంగు అంటుకుని ఉంది. నా చేతికి గట్టిగా తగిలింది బోల్టు కాదు, చాసిస్‌కు తన్నిన ఆ పగిలిన చెవి. అంతకుముందు బిగించిన బోల్టుకైనా నా బలం చేరిందో లేదో తెలియదు. ఉస్తాద్ చేతిలో పెట్టాను. ఆయన తడిమి చూశారు. తిట్టలేదు. "పో" అన్నారు, అంతే.

ఎడపల్లి బస్సెక్కాను. అంత నెమ్మదిగా నడిచిన బస్సు నా జీవితంలో మరొకటి లేదు. ఎదురుగా వచ్చే ప్రతి లారీ శబ్దానికీ తల బయటపెట్టి చూస్తూ, దారి పక్కన నలుగురు నిలబడి కనిపిస్తే సీటులోంచి లేచి, వాళ్లు బస్సు కోసం నిలబడ్డవాళ్లని తెలిసి మళ్లీ కూర్చుంటూ, ఎడపల్లి చేరేసరికి పొద్దు వాలింది. తోటలో అక్క చెరుకు ఆకు మోపు కడుతోంది. ఇప్పుడే పోయిండు, అంది. తర్వాత నా మొహం చూసి, ఎందుకొచ్చినవు తమ్మీ అని అడిగింది.

"ఊరికే వచ్చిన" అన్నాను.

ఆ మాట ఎందుకు అన్నానో ఇప్పటికీ చెప్పలేను. ఎవరిదో సైకిలు అడిగి తీసుకుని బోధన్ వైపు తొక్కాను. రెండు మైళ్లు కూడా పోలేదు. కాలువ దగ్గరి మలుపులో రోడ్డంతా చెరుకు పరచుకుని ఉంది. లారీ కాలువ గోడను గుద్ది పక్కకు ఒరిగింది. జనం బావను అప్పటికే బయటికి తీసి చెరుకు ఆకు మీద పడుకోబెట్టారు, ఒంటి మీద తెలివి ఉంది, ఎడమ కాలు మోకాలి కింద ఉండవలసిన తీరులో లేదు. ఎద్దు అడ్డం వచ్చిందని ఒకరు, నిద్రపోయాడని ఒకరు అంటున్నారు. నేను ఒరిగిన బండి కిందికి దూరి చెయ్యి పైకి పెట్టాను. వెనుక బోల్టులు ఉండవలసిన చోట నా వేళ్లకు రెండు ఖాళీ రంధ్రాలు తగిలాయి. ముందువి రెండూ తెగిపోయి ఉన్నాయి.

బావ బతికాడు. ఎముక అతుక్కోవడానికి ఐదు నెలలు పట్టింది, కాలు కురచైంది, మళ్లీ లారీ నడపలేదు. ఊరంతా ఎద్దు కథే నమ్మింది. నేను నోరు విప్పకపోతే అదే నిలిచిపోయేది. కానీ ఉస్తాద్ ప్రతి శుక్రవారమూ ఒకటే అడిగేవారు, మీ అక్కకు చెప్పినవా అని. నాలుగో శుక్రవారం తర్వాత వెళ్లి చెప్పాను. అక్క చేతిలో చేట కింద పెట్టింది.

"నీకు తెల్సే పంపినవా?" అంది.

"తెల్వకనే పంపిన అక్కా. కని ఉస్తాద్ ముందే చెప్పిండు, నేను ఇనలే. ఆ దినం తోటల నిన్ను సూసినప్పుడైతే తెల్సు."

అక్క లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఏడాది దాకా నాతో మాట్లాడలేదు. బావ మాత్రం కర్ర పట్టుకుని నడవగలిగిన నెలలోనే మా షెడ్డుకు వచ్చాడు, కూర్చుని చేసే పని ఏదైనా ఉందా అని ఉస్తాద్‌ను అడిగాడు. అప్పటి నుంచి నేను బిగించిన ప్రతి బోల్టునూ బావ తన చేత్తో చూసిన తర్వాతే బండి బయటికి పోయేది. ఒక్కనాడూ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తితే నాకు తేలికయ్యేది. ఉస్తాద్ కంటి ఆపరేషను చేయించుకోకుండానే పోయారు. ఆ రోజు ఖననం ముగిసి షెడ్డు ముందు కూర్చుని ఉంటే, అక్క ఎడపల్లి నుంచి వచ్చి నా పక్కన నిలబడి "తిన్నవా?" అని అడిగింది. అంతకన్నా పెద్ద మాట నాతో ఎవరూ అనలేదు.

ఇప్పుడు వాళ్లెవరూ లేరు. రోడ్డు వెడల్పైంది, ఎడపల్లి చుట్టూ చెరుకు తగ్గి వరి వచ్చింది. బండి బాగుచేయించుకునేవాళ్లు అద్దాల గదిలో కూర్చుని కాగితం తీసుకుని వెళ్లిపోతారు. బండి కింద పడుకున్న మనిషికి చక్రం పట్టుకునే మనిషి ఎవరో తెలియదు, అతని కోసం ఏ తోటలో ఎవరు ఎదురుచూస్తున్నారో అసలే తెలియదు. ఒకరకంగా అది సుఖమేనేమో. మాకు అన్నీ తెలిసేవి, అందుకే ప్రతి బండీ వెళ్లిపోయాక అది కనుమరుగయ్యేదాకా గుమ్మంలో నిలబడి చూసేవాళ్లం. అట్లా నిలబడి చూసే మనిషి ఇప్పుడు ఏ షెడ్డు ముందూ నాకు కనిపించడు.