పొద్దుటి ఇంజన్, అమ్మ చెవి

మా వంటింట్లో రెండు పప్పుగుత్తులున్నాయి. ఒకటి పప్పుకు. రెండోది కిటికీ పక్కన మేకుకు వేలాడుతుంటుంది. దాని తల నల్లగా ఉంటుంది, ఎంత చింతపండు పెట్టి తోమినా ఆ నలుపు పోలేదు, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇన్నేళ్ల తర్వాత కూడా సన్నగా ఇంజన్ ఆయిల్ వాసన వస్తుంది. చూసినవాళ్లు పొయ్యి మీద మాడిందనుకుంటారు. నిజానికి మా అమ్మ దాన్ని చెవికి పెట్టుకుని మా కారు ఇంజన్‌ను పరీక్షించేది.

మా నాయిన మెదక్‌లో కిరాయి కారు నడిపేవాడు. తెల్ల డీజిల్ కారు, బస్టాండు దగ్గర అడ్డా. డిసెంబరులో ఊళ్ల నుంచి చర్చికి వచ్చే కుటుంబాలు, మాఘమాసంలో పెళ్లివాళ్లు, శివరాత్రికి ఏడుపాయల జాతరకు పోయేవాళ్లు, మధ్యలో ఎప్పుడైనా దవాఖానకు పరుగెత్తేవాళ్లు, అందరూ ఆ కారులోనే, ఐదుగురు కూర్చోవాల్సిన చోట తొమ్మిది మంది సర్దుకుని పోయేవారు. పండుగకు పోయొచ్చిన కారులో రెండు రోజులపాటు కేకు వాసన, మల్లెపూల వాసన, ఎవరో పసిపిల్ల కక్కిన పాల వాసన కలిసి ఉండేవి. మేం పిల్లలం చిర్రగోనె ఆడి అలసిపోయి, ఆ వెనక సీట్లో పడి, సందుల్లో దొరికిన సకినాల ముక్కలు ఏరుకుని తినేవాళ్లం.

చలికాలంలో ఆ కారు లేవడం ఒక పెద్ద కార్యక్రమం. సాయంత్రమే నాయిన బానెట్ మీద పాత గొంగడి కప్పి, దాని మీద గోనెసంచులు పరిచి, గాలికి లేవకుండా రెండు రాళ్లు పెట్టేవాడు. పసిపిల్లకు కూడా అంత సేవ జరగదని మా నాయినమ్మ దెప్పేది. పొద్దున్న అమ్మ వాకిట్లో సాన్పి చల్లి ముగ్గు వేస్తుండగా నాయిన తలకు తువ్వాల చుట్టుకుని కూర్చుని, హీటర్ బొత్తం లాగి, ఇరవై దాకా పైకి లెక్కపెట్టి తాళం తిప్పేవాడు. అది మూడుసార్లు మూలిగి, ఒకసారి దగ్గి, నాలుగోసారికి వీధి వీధంతా అదిరేట్టు అందుకునేది. ఆ నల్ల పొగ తిన్నగా పోయి ఆరేసిన బట్టల మీద పడేది, పక్కింటావిడ తిట్లు మొదలయ్యేవి, మేం పళ్లపొడి నోట్లో పెట్టుకునే నవ్వేవాళ్లం.

ఇంజన్‌లో ఏదైనా తేడా ఉంటే అది ఆ మొదటి నిమిషంలోనే బయటపడుతుంది. వేడెక్కాక అన్నీ సర్దుకుంటాయి, రోగం దాక్కుంటుంది. మా నాయినకు కారు నడపడం వచ్చు గానీ వినడం రాదు. ఆయనకు అన్ని చప్పుళ్లూ ఒకటే. అమ్మ మాత్రం శంకరంపేటలో వాళ్ల నాయిన నడిపిన పిండిగిర్నిలో పుట్టి పెరిగిన మనిషి. గిర్నిలో ఇంజన్ ఒకవైపు, తిరుగలి రాయి ఒకవైపు, మధ్యలో పొడుగాటి తోలు పట్టా ఉంటాయి. కొత్త చప్పుడు వస్తే ముందు ఆ పట్టా దించి వినాలి. చప్పుడు పోతే తప్పు రాయి వైపుది, ఉంటే ఇంజన్‌ది. తాత నేర్పిన చదువు అంతే, అది అమ్మకు బాగా అబ్బింది.

అందుకే నాయిన తాళం తిప్పగానే అమ్మ జడను ముడి వేసి, కొంగు బిగించి, పప్పుగుత్తి తలను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకునేది. చెక్క గుండా చప్పుడు తిన్నగా వస్తుందట. మొదటిసారి అది చూసిన రోజు నాయినమ్మ అన్నం ముట్టలేదు.

"ఇంజన్ల పెట్టిన గుత్తి పప్పుల పెడుతవా? థూ, నేను తిన" అని అరుగు మీద అలిగి కూర్చుంది. సాయంత్రానికి కొత్త గుత్తి వచ్చింది.

ఒక పుష్యమాసంలో కారు పొద్దున్నే గరగరమని గొంతులో గులకరాళ్లు పడ్డట్టు చప్పుడు చేయడం మొదలుపెట్టింది. నాయిన మెకానిక్ షెడ్డుకు తీసుకుపోయాడు. అక్కడికి చేరేసరికి ఇంజన్ వేడెక్కి చప్పుడు మాయమైంది. జాంగీర్ మేస్త్రి చుట్టూ తిరిగి చూసి, "ఏది సప్పుడు? పాట పాడినట్టు నడుస్తుంది గదా" అన్నాడు. మరునాడు మేస్త్రే పొద్దున్నే ఇంటికి వస్తానన్నాడు. వచ్చే మనిషి ముందు కారు దగ్గి పరువు తీస్తుందని మా నాయిన అరగంట ముందే లేచి, స్టార్టు చేసి, చక్కగా వేడి చేసి ఉంచాడు. మేస్త్రి చాయ్ తాగి, ఒక దండం పెట్టి పోయాడు. మా నాయిన తెలివి అట్లాంటిది.

చివరికి కారును రాత్రంతా షెడ్డులోనే వదిలితే, పొద్దున్న విని మేస్త్రి తల అడ్డంగా ఊపాడు.

"బేరింగులు పోయినయ్. ఇంజన్ దించాలె. నెల పడుతది."

నాయిన ఇంటికి వచ్చి ఆ మాట చెప్పి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మాఘంలో శివ్వంపేట వైపు మూడు పెళ్లిళ్లకు మాటిచ్చి ఉన్నాడు. అడ్డాలో ఒకసారి మాట తప్పినవాణ్ని మళ్లీ ఎవరూ పిలవరు. కారు అమ్మేసి ఇంకొకరి కింద డ్రైవరుగా పోతానన్నాడు, ఆ మాట అంటూ గోడ వైపు తిరిగాడు. నాకు తొమ్మిదేళ్లు. నాయిన ముఖం దాచుకోవడం అదే మొదటిసారి చూశాను, భయమేసింది.

అమ్మ బియ్యం చెరుగుతూ, "జర ఆగు. ఇంజన్ దించకు, మేస్త్రిని మొదలు పట్టా దించి ఇనమను" అంది. కారు షెడ్డుకు పోకముందు పొద్దున్న గుత్తి ఇంజన్ నడుము మీద పెడితే చప్పుడు ఎక్కడో దూరంగా వచ్చిందనీ, ముందరుండే, ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ల పంపు మీద పెడితే చెవిలోనే మోగిందనీ చెప్పింది. గిర్ని పట్టా లాగానే కారులోనూ ఇంజన్‌ను పంపుకు కలిపే చిన్న పట్టా ఉంది, అది తీసి నిమిషం నడిపితే తెలిసిపోతుంది.

మరునాడు చీకటి విడకముందే నాయిన వెంట నేనూ షెడ్డుకు పోయాను. మేస్త్రి గొణుక్కుంటూనే పట్టా తీశాడు. ఇంజన్ అందుకుంది. గరగర లేదు. పంపులో చిన్న బేరింగు ఎండిపోయింది, అంతకుమించి ఏమీ లేదు. మధ్యాహ్నానికి పని అయిపోయింది. అప్పటికి చాయ్ గ్లాసులు పట్టుకుని అడ్డా డ్రైవర్లు నలుగురు పోగయ్యారు.

"ముప్పై ఏండ్లాయె ఈ పని పట్టి, నాకే తోచలే. ఎవరు చెప్పిండ్రు నీకు?" అన్నాడు మేస్త్రి. ఎదుటివాడి పనితనాన్ని ఒప్పుకునే పెద్ద మనసు ఆయనది.

"ఎవరు చెప్తరు? నాకే అనిపించింది" అన్నాడు నాయిన.

మేస్త్రి నా వైపు తిరిగాడు. "నిజమేనా బిడ్డా?"

నాయిన చెయ్యి నా భుజం మీద ఉంది. "ఔ, మా నాయిననే" అన్నాను. డ్రైవర్లు నాయిన వీపు చరిచారు. ఆ అబద్ధం ఆడినందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

సాయంత్రం నాకు జడ వేస్తూ అమ్మ అడిగింది, "ఏమన్నడే మేస్త్రి?"

"నాయినకు మస్తు తెలివి ఉన్నదన్నడు."

"మంచిగైంది" అంది అమ్మ. దువ్వెన కాస్త గట్టిగా లాగింది.

ఆ తర్వాత నాయిన చెవికి ఊళ్లో పేరొచ్చింది. చప్పుడు అర్థంకాని కార్లను డ్రైవర్లు మా ఇంటి ముందు వదిలి, రేపు పది గంటలకు రమ్మంటే వచ్చేవాళ్లు. వాళ్లు వచ్చేలోగా పొద్దున్నే అమ్మ గుత్తి పెట్టి విని చెప్పేది, పది గంటలకు నాయిన దాన్ని గంభీరంగా అప్పజెప్పేవాడు. ఇట్లా చాలా ఏళ్లు నడిచింది. అమ్మ ఒక్కసారి కూడా ఎదురు మాట్లాడలేదు. మాట్లాడితే బాగుండునని నాకుండేది.

ఇప్పుడు ఆ తెల్ల కారు లేదు, తుక్కుకు పోయింది. అడ్డా చోట సెల్‌ఫోన్ల దుకాణాలు వచ్చాయి. జాంగీర్ మేస్త్రి లేడు. శంకరంపేట గిర్నికి కరెంటు మోటారు పెట్టారు. ఈ కాలం కార్లు లేచినట్టు కూడా తెలియదు, పక్కింటివాళ్లు ఎవరినీ తిట్టే అవసరం లేదు. అమ్మకు రెండు చెవులూ దాదాపు వినిపించవు.

నేను పాఠాలు చెప్పే బడికి నడుపుకుపోయే చిన్న కారు ఈ చలికాలం పొద్దున్నపూట కీచుమంటోంది. షెడ్డులో కంప్యూటరు తగిలించి చూసి ఏమీ లేదన్నారు, అప్పటికది వేడెక్కింది మరి. మొన్న నేను తాళం తిప్పితే, డెబ్బై దాటిన మా నాయిన లుంగీ ఎగగట్టి బానెట్ మీదికి వంగి విని, గబగబా అరుగు మీదున్న అమ్మ దగ్గరికి పోయి, ఆమె చెవి చుట్టూ చేతులు అడ్డం పెట్టి, "కీచ్ కీచ్ కిర్ర్" అని అరిచాడు. పాలవాడు సైకిలు ఆపి చూశాడు.

"గట్ల కాదు. మొదలు సన్నగ వచ్చిందా, దొడ్డుగనా?" అంది అమ్మ. మళ్లీ పోయేసరికి ఇంజన్ వేడెక్కింది. మూడు పొద్దులు అట్లాగే గడిచాయి, మూడు పొద్దులూ ఆయన వీధిలో నిలబడి ఇంజన్‌లా అరిచాడు. మూడోనాడు అమ్మ తల ఊపింది. "పట్టా తీపియ్యుండ్రి."

మరునాడు మెకానిక్ ఇంటికే వచ్చి పట్టా తీశాడు. చప్పుడు పోయింది. పట్టా తిరిగే ఒక కప్పీ బేరింగు అరిగిందని తేలింది. అతను చేతులు తుడుచుకుంటూ నాయినను అడిగాడు, "కంప్యూటర్లనే రాలే. మీరెట్ల కనుక్కున్నరు సార్?"

"నేను కాదు. ఈమె" అన్నాడు నాయిన. "అప్పట్నుంచీ ఈమెనే. నాకేం తెల్వది." వీధిలో నలుగురు నిలబడి ఉండగానే అన్నాడు.

అమ్మకు వినిపించలేదు. ఆయన పెదాల వైపు చూసి, "ఏమంటుండే మీ నాయిన?" అని నన్నడిగింది.

నేను వంగి, ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, వీధి చివరిదాకా వినపడేట్టు అరిచాను.

"అప్పట్నుంచీ నువ్వే చెప్పినవంటుండు!"

అమ్మ నాయిన వైపు తిరిగింది.

"గిప్పుడా?" అంది.