కుడితి తొట్టిలో బాప్తిస్మం

ఆ రోజుల్లో మా పల్లెలో దేవుణ్ణి నమ్ముకోవడం తేలిక, బాప్తిస్మం తీసుకోవడమే కష్టం. అనంతపురం టౌనులో చిలకరించే సంఘం వాళ్లకు గిన్నెడు నీళ్లుంటే చాలు, పిల్లా పెద్దా అందరి పనీ అయిపోయేది. మాది ముంచే సంఘం. తలవెంట్రుక మొదలు కాలిగోరు దాకా నీళ్లలో మునిగితేనే పాత మనిషిని పాతిపెట్టినట్టు, పైకి లేస్తేనే కొత్త మనిషి పుట్టినట్టు అని మా పాస్టరు అయ్యగారు చెప్పేవారు. చెప్పడానికి బాగానే ఉండేది. అరవైల మొదట్లో ముదిగుబ్బ చుట్టుపక్కల వరసగా మూడేళ్లు వాన లేదు. వంకలో ఇసుక తోడుకుని గంటసేపు కూర్చుంటే చెంబుడు నీళ్లు ఊరేవి. మనిషి మునిగేటన్ని నీళ్లు ఎక్కడైనా ఉన్నాయని తెలిస్తే, మనిషి కంటే ముందు ఊళ్లోని కడవలన్నీ అక్కడ మునిగేవి.

మా నాయన బావులు తవ్వే మనిషి. అమ్మా నేనూ మంచి కాలంలోనే మునిగాం గానీ, నాయన మాత్రం ప్రతి ఆదివారం చర్చిలో వెనక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ప్రభువు రక్తానికి గుర్తుగా ఇచ్చే ద్రాక్షరసం గిన్నె (అసలు రసం మాకెక్కడిది, ఎండుద్రాక్ష నానేసి నేనే పిసికేదాన్ని) దగ్గరికి వస్తే, పక్కవాళ్లకు దారి వదిలి ఇంకాస్త గోడలోకి ఒదిగేవాడు. బాప్తిస్మం లేనివాళ్లకు అందులో భాగం లేదు. అయ్యగారు అడిగినప్పుడల్లా, “నేను తవ్వే బాయిలో నీళ్లు పడనీ అయ్యా, ఆడనే మునుగుతా” అనేవాడు. ఆ బావి చర్చి ఆవరణలోదే. రెండేళ్లుగా తవ్వుతున్నాడు. ఏడు నిలువుల లోతు దిగినా రాయి తప్ప తడి లేదు.

ఒకరోజు పైకి లాగుతున్న గంపలోంచి ఒక రాయి జారి నాయన కాలి మీద పడింది. మోకు కట్టి పైకి తీసేసరికి బావి గోడ పొడుగునా రక్తం. ఆసుపత్రిలో కట్టు కట్టి పంపారు గానీ నాలుగో రోజుకు జ్వరం ఎక్కింది, కాలు నల్లబడింది. అమ్మకు భయం పట్టుకుంది. ఆమె భయం చావు గురించి ఒక్కటే కాదు. బాప్తిస్మం లేనివాళ్లకు సంఘం సమాధుల దొడ్లో చోటు లేదు. పసిబిడ్డలకు ఆ రూలు లేదు, పురిట్లోనే పోయిన నా తమ్ముడు ఆ దొడ్లోనే ఉన్నాడు.

“నేనూ బిడ్డా ఆడ, మీ నాయన యాడనో గుట్ట కింద. సచ్చినాక గూడా నేనొక్కదాన్నే పండుకోవల్లనా?” అని నన్ను అడిగింది.

నాకు అప్పుడు పంతొమ్మిదేళ్లు. ట్రైనింగు ముగించి మా పల్లె బడిలోనే టీచరునై మూడు నెలలు. ప్రపంచంలో నేను తేల్చలేని లెక్క లేదనుకునే వయసు. మా పెరట్లో బర్రె కుడితి తాగే రాతి తొట్టి చూశాను. ప్రభువు పుట్టినప్పుడు పడుకోబెట్టింది పశువుల తొట్టిలోనే కదా, మా నాయనకు మాత్రం ఎందుకు పనికిరాదు అన్నాను. అయ్యగారు కాసేపు గడ్డం గోక్కుని సరేనన్నారు. నేను వెంటనే దారం తీసుకుని నాయనను కొలిచాను, తర్వాత తొట్టిని కొలిచాను. తొట్టి జానెడున్నర తక్కువ. మోకాళ్లు ముడిస్తే మోకాలి చిప్పలు బయటికొస్తాయి, చాపితే పాదాలు బయటుంటాయి. మోకాలి చిప్పల పాపం మిగిలిపోతుందా అని నేనూ అయ్యగారూ నిజంగానే చర్చించాం. దానికి తోడు కట్టు తడవకూడదని డాక్టరమ్మ చెప్పి పంపింది. కాలు తడవకపోతే చెల్లదని అయ్యగారు.

నాయన మంచంలోంచే, “మీరిద్దరూ, ఆ డాక్టరమ్మా ముందు మాట్లాడుకోని రాండప్పా. నేను యాడికీ పోను, ఈడనే ఉంటా” అన్నాడు.

మర్నాడు కడవ చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఇంటికొక చెంబు అడిగాను. దూది ఏకే సాయెబు భార్యను మేమంతా అత్తా అనేవాళ్లం. ఆమె అడగ్గానే రెండు చెంబులు పోసింది. పెద్ద వీధిలో ఆడవాళ్లు నన్ను గడప కింద నిలబెట్టి, తమ చెంబు నా కడవకు తగలకుండా ఎత్తి పోశారు. ఎత్తి పోసినా పోశారు, ఆ కరువులో అది చిన్న సంగతి కాదు. పొద్దు వాలేసరికి తొట్టి అంచు దాకా నిండింది. అయ్యగారు తెల్లచొక్కా తొడుక్కుని వచ్చారు, సంఘమంతా మా వాకిట్లో చేరింది. అంత మందిలో నేను పాత చీరతో ఎలా నిలబడతాను? మొదటి జీతంతో కొనుక్కున్న నీలం చీర ఉంది, ఇంట్లోకి పరుగెత్తాను. పోయే ముందు బర్రెను తీసుకుపోయి దూరంగా గుంజకు కట్టేసింది కూడా నేనే. కుచ్చిళ్ల మీద ఉన్న ధ్యాస పలుపు ముడి మీద లేదు.

నేను చీర కట్టుకుని, జడ సవరించుకుని, నాయనను ఒక పక్క అయ్యగారు ఇంకో పక్క నేను పట్టుకుని పాట పాడుకుంటూ పెరట్లోకి వచ్చేసరికి, బర్రె తొట్టిలోంచి మూతి పైకెత్తి మమ్మల్ని చూసింది. మూడు రోజులుగా దానికి కడుపు నిండా నీళ్లు లేవు. తొట్టి అడుగున పిడికెడు మిగిలాయి, మేం చూస్తుండగానే వాటినీ నాకేసింది. పాట ఆగిపోయింది. అమ్మ నోట కొంగు పెట్టుకుంది.

నాయన నవ్వడం మొదలుపెట్టాడు. నిలబడలేక తొట్టి అంచు మీద కూలబడి నవ్వాడు. “ఎనుముకు బాప్తిస్మం అయిపాయ అయ్యా. ఇంక దానికి గిన్నె గూడా ఇయ్యల్ల” అన్నాడు. అయ్యగారు బైబిలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. నేను ఏడుస్తూ కడవ ఎత్తుకోబోతే నాయన నా కొంగు పట్టుకున్నాడు. “రెండోసారి అడగొద్దు పాపా. బిడ్డల నోటికాడివి అవి. వాన పడనీ, మునుగుతా.”

వాన పడలేదు. ఆ తర్వాత ఆరో రోజు తెల్లవారాక, అమ్మ గంజి తాగిస్తుండగా నాయన పోయాడు.

సంఘపెద్ద వాకిట్లోనే అయ్యగారిని పక్కకు పిలిచాడు. “మునగల్యా కదయ్యా. రూలు ఉండాది” అన్నాడు, నేల చూస్తూ. ఆయన చెడ్డవాడు కాదు, రూలు నమ్మిన మనిషి. అమ్మ ఆ మాట విని గోడకు తల ఆనించింది. అప్పుడే దూదేకుల అత్త చెంబుతో వచ్చింది, చివరి స్నానానికని. వెనకే జీవాలు కాసుకునే వాళ్ల ఆడవాళ్లు వచ్చారు. ఆ వెనక పెద్ద వీధి వాళ్లు. మా పేటలోకి ఎన్నడూ అడుగు పెట్టని వాళ్లు మా పెరట్లోకి నడిచి వచ్చి తమ చేత్తో మా తొట్టిలో వంచి పోశారు. ఎవరూ ఎవరినీ అడగలేదు. తొట్టి మళ్లీ అంచు దాకా నిండింది. నేను బర్రె పలుపు రెండు చుట్లు నా మణికట్టుకు చుట్టుకుని, రెండు ముళ్లు వేసుకుని కూర్చున్నాను. నాయన శవం పక్కన ఉండాల్సిన కూతురు బర్రె పక్కన ఉంది.

అయ్యగారు తొట్టి చూశారు. చొక్కా చేతులు పైకి మడిచారు.

“మునగడమంటే ఏందప్పా?” అన్నారు సంఘపెద్దతో. “కిందికి దిగడం, పైకి రావడం. ఈయప్ప రెండేండ్లు దినామూ మన కోసరం ఏడు నిలువులు దిగినాడు, ఎక్కినాడు. నీళ్లు రాకపోతే రగతం పోసినాడు. సిలువ మీద ప్రభువు పక్కలో నుంచి రెండూ కారినాయని నువ్వే కదా చదువుతావు. రగతం ఈయప్పది, నీళ్లు ఊరివి. నేను పోస్తాండా. నీకు ఇష్టం ల్యాకుంటే ఆ పక్కకు చూడు.”

సంఘపెద్ద ఆ పక్కకు తిరిగాడు. అంతా అయ్యేదాకా అటే చూస్తూ కళ్లు తుడుచుకున్నాడు. తల మీద నుంచి కాలిగోరు దాకా పోశారు. కట్టు విప్పేశారు, డాక్టరమ్మ మాటకు ఇంక పని లేదు. మోకాలి చిప్పలు కూడా తడిశాయి, నేను చూశాను. నాయనను తమ్ముడి పక్కనే పెట్టారు. ఇరవై ఏళ్ల తర్వాత అమ్మ ఇంకో పక్కన చేరింది. ఆ బావిలో మాత్రం నీళ్లు ఎన్నడూ పడలేదు.

ఇప్పుడు నా ఇంట్లో కొళాయి ఉంది. ఏ మూట కట్టినా రెండు ముళ్లు వేస్తాను, విప్పలేక నా మనవరాలు విసుక్కుంటుంది. “ఎవరు ఎత్తుకపోతారని అవ్వా?” అంటే, “ఎనుము” అంటాను. దానికి అర్థం కాక నవ్వుతుంది. నీలం చీర నేను మళ్లీ కట్టలేదు. చాలా ఏళ్లు ఆ పంతొమ్మిదేళ్ల పిల్లను క్షమించలేకపోయాను కూడా. ఈ మధ్య కోపం తగ్గింది. మా నాయన చివరిసారి కడుపారా నవ్వింది ఆ పిల్ల వేసిన వదులు ముడి వల్లనే.