తండ్రి పేర్లతో సహా

రువాండాలో జరిగిన జాతి నిర్మూలన గురించి నేను చదవడం మొదలుపెట్టింది రెండువేల సంవత్సరం దాటాక, పలాసకు బదిలీ అయిన రోజుల్లో. కత్తి పట్టినవాళ్ల గురించి ఎలాగో చదివాను. ఎవరి ఇల్లు ఎక్కడుందో రాసిచ్చినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మూసేశాను.

అంతకు కొన్నేళ్ల ముందు, సంతబొమ్మాళి దగ్గర మా ఊళ్లో తొమ్మిది ఇళ్లను వెలివేశారు. తోట గట్టు తగాదాను ఊరి పెద్దల ముందు పెట్టకుండా పోలీసు స్టేషనుకు వెళ్లడం వాళ్ల తప్పు. బడిపంతులిని కనుక జాబితా నాచేత రాయించారు. ఒకే పేరువాళ్లు ఇద్దరున్నారు. పొరపాటు జరగకూడదని తండ్రుల పేర్లు కూడా చేర్చాను. అలా రాయమని ఎవరూ అడగలేదు. రామమందిరం దగ్గర దాన్ని చదివారు. ఆ రోజు నుంచి ఆ ఇళ్లకు కొట్లో ఉప్పు లేదు, బావిలో నీళ్లు లేవు, పలకరింపు లేదు.

అందులో నా స్నేహితుడి ఇల్లు ఒకటి. నెల తిరగకుండానే అతనికి జ్వరం ముదిరింది. టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఊళ్లో ఏ ఆటో కదల్లేదు. అతను పోయాడు. పాడె మా వీధిలోంచే వెళ్లింది. నేను తలుపు వేసుకుని కూర్చున్నాను.

రెండూ ఒకటే అనను. అక్కడ చచ్చిపోయినవాళ్లు లక్షలమంది. జాతి నిర్మూలన అన్న మాటను మా ఊరికి వాడితే వాళ్లను తక్కువ చేసినట్టే. కానీ 'నేను రాశానంతే' అనుకోవడం ఎంత తేలికో నాకు తెలుసు.

ఆ దేశంలో ఊరివాళ్లంతా గడ్డిమీద కూర్చుని, చేసినవాళ్లచేత చేసింది చెప్పిస్తున్నారని తర్వాత పేపర్లో చదివాను. ఆ ఆదివారం ఊరెళ్లాను. నా స్నేహితుడి భార్య వాకిట్లో జీడిపిక్కలు ఎండబోస్తోంది.

"వదినా, ఆ కాయితం నేనే రాశాను. క్షమించు."

"ఊర్లో అంత గుండ్రంగా ఇంకెవులు రాత్తారు మాస్టారూ?" అంది, తలెత్తకుండా. "నానొక్కదాన్ని ఇంటే సరిపోద్దేటి? అప్పుడు రామమందిరం కాడ సదివినారు. ఇదీ అక్కడే సెప్పండి. కూసింత జరగండి, పిక్కల మీద నీడ పడతంది."

సాయంత్రం రామమందిరం దగ్గర ఏడెనిమిది మంది పోగయ్యారు. రాశానని చెప్పాను. తలుపు వేసుకున్నానని చెప్పాను.

"పాత పుండు గోకడమేటి మాస్టారూ?" అన్నాడు ఒక పెద్దాయన. "నువ్వేటి సంపినావా?"

ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. ఒకతను మాత్రం మిగిలాడు.

"నానూ ఒకటి సెప్పాల," అన్నాడు.

పక్కన కూర్చుని విన్నాను. అతను చెప్పింది ఇక్కడ రాయను. అది అతనే చెప్పుకోవాలి.