వరుస చూసి బియ్యం పోసిన అక్క

ఒక మనిషి ఆకలి ఎంతో ఇంకో మనిషికి ఎలా తెలుస్తుంది? ఏళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది. అది తెలిసిన ఒకే ఒక్క మనిషిని నేను చూశాను. ఆమె పోయిన వారం పొదటూరుపేటలో, తన ఇంట్లో కన్నుమూసింది. తిరుత్తణి దగ్గర మా కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో వండిపెట్టిన ఆవిడ. పిల్లలకూ, పాఠాలు చెప్పే మాకూ అక్కే.

మెస్ బాధ్యత నాకు అప్పగించిన కొత్తలో ఆఫీసు ఇచ్చిన హాజరు కాగితం చూపిస్తే అక్క నవ్వేది. ఒక అండాలో అన్నం వండేది. రెండో దాంట్లో ఎసరు మాత్రం మరుగుతుండేది, పక్కన నానిన బియ్యం. మధ్యాహ్నం పిల్లలు వరుస కట్టాక గుమ్మంలో నిలబడి ఒకసారి అందరినీ చూసి, అప్పుడు దోసిళ్లతో బియ్యం పోసేది. అన్నం తక్కువ పడగా నేను చూడలేదు. చేతులు కడిగేచోట పెట్టిన ఎంగిలి బకెట్టు అడుగు కూడా నిండేది కాదు.

ఒక కిరుత్తిక నాడు, అంటే కృత్తిక నక్షత్రం రోజు, పట్టుబట్టి నేనే కాగితం లెక్కన అందరికీ వండించాను. సగం మిగిలిపోయింది.

"మురుగనికి ఒంటిపొద్దు ఉండే బిడ్డలు ఎంతమందో నీ కాయితంలో రాసుండాదా మేడమ్?" అంది. ఎగతాళి చేస్తూనే ఆ అన్నమంతా చింతపండు పులుసులో కలిపి సాయంత్రం మిగతా పిల్లలకు పెట్టింది.

తర్వాత కూతురి కాన్పుకని అక్క నెలరోజులు తిరువళ్లూరు వెళ్లింది. బకెట్టు పొంగడం మొదలైంది. అన్నం వదిలేసినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయించాను. వారంలో బకెట్టు ఎండిపోయింది. అక్క వచ్చి మెచ్చుకుంటుందని ఎదురుచూశాను కూడా.

ఆమె బకెట్టు చూసింది. తర్వాత వరుసలోంచి ఒక ఫస్టియర్ పిల్లను చెయ్యి పట్టి నా ముందుకు తెచ్చింది.

"బకెట్టు చూసినావు సరే. ఈ బిడ్డ మొగం చూసినావా?"

ఆ పిల్ల తల దించుకుంది. "మిగిలితే పేరు రాస్తారని ఒక్క గరిటే పెట్టించుకుంటా ఉండానక్కా."

"మిగిలితే నేను తింటాలే. కూసో ముందు."

అక్క కొంగుతో బోర్డు తుడిచేసింది. "మిగలకుండా చూసుకోవాల్సింది వండేటోళ్లం మేడమ్. బిడ్డను ఎందుకు బెదిరించేది?"



ఆ రోజు నుంచి అందరికీ అర గరిటె పెట్టి, మళ్లీ తనే బల్లల మధ్య తిరిగేది. "చాలక్కా" అన్నా, తమిళ పిల్లలు "పోదుమక్కా" అన్నా కొందరికి వడ్డించేది, కొందరిని వదిలేసేది. అలా వడ్డించుకున్న ఒక్క పిల్ల కూడా కంచంలో మెతుకు మిగల్చలేదు.

"ఎట్లా తెలుస్తుందక్కా?" అని అడిగాను.

"గొంతులోనే తెలుస్తాది, కడుపు నిండినాదా, సిగ్గుపడతా ఉందా అని."

నెలరోజులు ఆమె వెనకే తిరిగి విన్నాను. ఒక్కసారీ నాకు తేడా తెలియలేదు. పెద్ద చదువులు చదివిన నేను, ఆ గరిటె వెనక చిన్నపిల్లలా నడిచాను.

నిన్న వరుస సగంలో ఉండగా కొత్త వంటావిడ అడిగింది: "ఇంకో పడి బియ్యం వేయమంటారా మేడమ్?"

చివర్లో ఒక పిల్ల ఖాళీ కంచాన్ని రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని నిలబడి ఉంది. ఆకలో, ఊరికే అలా నిలబడిందో. వేయిస్తే పారబోస్తామేమో. వేయించకపోతే ఆ పిల్ల అడగదేమో. రెండింట్లో ఏది చిన్న తప్పో నేను తేల్చుకోలేకపోయాను. ఇవాళా తేల్చుకోలేదు.