చెప్పుకోలేని మనవి

పోయిన ఆదివారం మా చర్చిలో ఆరాధన ముగిసి అందరూ చెప్పులు వెతుక్కుంటున్న వేళ, మా వీధి చివరి ఇంటి అమ్మాయి, ఈమధ్యనే ఆరోగ్య కార్యకర్తగా చేరిన పిల్ల, ఫోను పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. పల్లెల్లో పనిచేసే కార్యకర్తలు ఆరోగ్య విధానాల మీద పరిశోధన చేసేందుకు ఇచ్చే ఫెలోషిప్పుకు దరఖాస్తు పెడుతున్నానని, ఒక్కసారి చూసి పెట్టమని అడిగింది. అన్నీ చక్కగానే నింపింది. చివర, ఈ పరిశోధనకు స్థానిక సమాజం సమ్మతించినదని ఒక వాక్యమూ, దాని పక్కన చిన్న గడీ ఉన్నాయి. ఆ గడి మీద వేలు పెట్టబోతున్న పిల్లను చూస్తుంటే, ఇటువంటి సమ్మతి కోసమే ఇదే మందిరంలో మా పిన్ని లేచి నిలబడిన ఉదయం గుర్తుకు వచ్చింది.

అవి రెండువేల పది దాటిన తొలి సంవత్సరాలు. మా కుటుంబంలో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేను. శ్రీకాకుళంలో చదువు ముగించుకుని వచ్చి, చీపురుపల్లిలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో చేరి, ఊరూరా తిరిగి పసిపిల్లల బరువులు చూడటం, గర్భిణులను ఆసుపత్రికి తోడ్కొని పోవడం నా పనిగా ఉండేది. అమ్మ నా చిన్నతనంలోనే పోతే, ఆమె చెల్లెలు, అప్పటికే భర్తను పోగొట్టుకున్న మా పిన్ని, నన్ను సాకి చదివించింది. ఆమె ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండేది. బడి పిల్లలు వీధిలో ఎక్కడ కనిపించినా ‘వంటమ్మా’ అని కేక పెట్టేవారు. ఆ కేక వినబడితే చాలు, ఆమె ముఖంలో ఒక వెలుగు వచ్చేది.

మా సంఘంలో శుక్రవారం సాయంత్రాలు స్త్రీల కూడిక జరుగుతుంది. కొడుకు పరీక్ష మొదలుకొని గేదె ఈనడం దాకా ఎవరి మనవి వారు పైకే చెప్పుకుంటారు. నోటితో చెప్పలేనిది ఉన్నవారు మాత్రం, అందరూ కళ్లు మూసుకున్నాక, మౌనంగా చెయ్యి ఎత్తుతారు. దానిని చెప్పుకోలేని మనవి అంటారు. అది ఏమిటని ఎవరూ అడగకూడదు. చదువుకున్నదానినని కూడిక నడిపే బాధ్యత నాకు అప్పగించారు గనుక, ఆ గదిలో తెరచి ఉండే కళ్లు నావి మాత్రమే. ఆ ఎండాకాలమంతా, వారం వారం, పిన్ని చెయ్యి లేస్తూనే ఉంది. ఎడమ చెయ్యే లేస్తున్నదని గమనించడానికి నాకు కొంత కాలం పట్టింది. బడులు తెరిచాక ఒక రోజు అక్కడ అన్నం వార్చబోయి కుడి చంక అదుముకుని కూలబడిందని తెలిసి, ఇంట్లో తలుపు వేసి అడిగాను. రొమ్ములో నిమ్మకాయంత గడ్డ. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, “దేవుడికి సెప్పినాను కదే. ఆసుపత్రోల్లకి సెప్పుకోడానికి సిగ్గు కాదేటి?” అంది.

విశాఖలో ఆపరేషన్ జరిగింది. ఊళ్లో మాత్రం గర్భసంచి తీసేశారని చెప్పాము. మా వైపు ఆ ఆపరేషన్ జరగని ఇల్లు అరుదు గనుక, ఎవరూ మారు ప్రశ్న వేయలేదు. కొన్ని నెలలకు పిన్ని మళ్లీ పొయ్యి దగ్గరకు చేరింది.

ఆ ఏడాదే, ఇప్పుడు ఆ పిల్ల పెడుతున్న ఇదే ఫెలోషిప్పు సంగతి నాకు తెలిసింది. ప్రార్థనలో దేవుని ఎదుట పెట్టుకునే వ్యాధులను మా స్త్రీలు నర్సమ్మ ఎదుట ఎందుకు పెట్టలేకపోతున్నారో తెలుసుకోవాలని నా ప్రతిపాదన. అందుకు సంఘం సమ్మతి కావలసి వచ్చింది. ఆరాధన తరువాత విషయం పెద్దల ముందు పెడితే, అందరిలో పెద్దాయన గొంతు సవరించుకుని, “ఆడోల్ల మనవులు కాయితాలకెక్కితే సంగం పరువేటవుతాదమ్మా?” అన్నారు. తక్కినవారు తలలూపారు. నా దరఖాస్తు అక్కడితో ముగిసిందనే అనుకున్నాను.

అప్పుడు స్త్రీల వైపు నుండి పిన్ని లేచింది. “నాకు గర్బసంచి ఆపరేసన్ కానేదు. కేన్సరు. రొమ్ము తీసేసినారు. ఈ ఆడగుంట నన్ను ఆసుపత్రికి లాక్కెల్లకపోతే, ఈపాటికి మీరంతా నా సమాది కాడ పాట పాడేసి ఇంటికెల్లిపోయుందురు. మిగతా ఆడోల్లనీ అడిగి రాసుకుంటానంటే మీకేటి నొప్పి?” అంది. ముందుగా నాతో ఒక్క మాట అనలేదు. మందిరంలో ముక్కులు చీదుకున్న చప్పుడు నాకింకా వినిపిస్తుంది. పెద్దలు సంతకాలు చేశారు.

వారం తిరగకుండానే బడి గేటు దగ్గర తల్లులు గుమికూడి, ఆ రోగపు చేత్తో వండిన కూడు తమ పిల్లలకు వద్దన్నారు. అది అంటుకునే జబ్బు కాదని మాస్టారు చెప్పారు, నేనూ ఇంటింటికీ వెళ్లి చెప్పాను. అందరూ ఔనన్నారు, మర్నాడు పిల్లల చేతికి క్యారేజీలు ఇచ్చి పంపారు. మందిరంలో కన్నీరు తుడుచుకున్న ఇల్లాలు కూడా పంపింది. వండిన అన్నం వండినట్టే ఉండిపోతుంటే, చివరికి వేరొకరిని పెట్టుకున్నారు. “ఉప్పెక్కువైన రోజు ఒక్కడూ అడగనేదు, ఇప్పుడు వొండింది ఎవల సెయ్యని అడుగుతన్నారు,” అని పిన్ని నవ్వింది గాని, ఆ తరువాత బడి వీధిన నడవడం మానేసింది.

నాకు ఫెలోషిప్పు వచ్చిన రోజున, దాని శిక్షణకు ఊరు విడిచి వెళ్లనని ఏడిస్తే పిన్ని కసిరింది. “ఏటే, ఎల్లవా? నా వంట పోనాది, నీ సదువూ పోవాలేటి? ఎల్లు, బేగెల్లు!” వెళ్లాను. మరుసటి వానాకాలానికి వ్యాధి వెన్నులోకి దిగింది. ఆమెను సమాధి చేసి వచ్చి నివేదిక ముగించాను. అందులో ఎవరి పేరూ రాయకూడదన్నది నియమం. సరైన నియమమే. అంతమంది ఎదుట తన వ్యాధికి తానే పేరు పెట్టిన మనిషి, నా నివేదికలో ‘ఒక వంట కార్మికురాలు’గా మిగిలింది.

ఇప్పుడు పరీక్షలు చేసేవారు ఇంటి గుమ్మానికే వస్తున్నారు. గోడల మీద రొమ్ము కేన్సరు గురించి బొమ్మలున్నాయి. మంచిదే, కాదనను. మొన్న ఆ పిల్ల గడి మీద వేలు పెట్టగానే పచ్చని గుర్తు వచ్చింది. “అయిపోనాదా పిన్నీ? ఇంతేనా?” అని తల ఎత్తింది. ఇంతేనమ్మా అన్నాను. కూడిక నడిపే బాధ్యత నాది కాక చాలాకాలమైంది. అయినా శుక్రవారాలు అందరూ తలలు వంచినప్పుడు, మౌనంగా లేచే చేతులు ఇప్పటికీ కనిపిస్తాయి, నేను కళ్లు మూసుకోవడం మానేశాను గనుక. ఆ ఇళ్లకు మర్నాడు వెళ్లి కూర్చుంటాను. ప్రార్థనలో కళ్లు తెరచి చూసే మనిషినని సంఘంలో నాకొక చెడ్డపేరు ఉంది.